నాలుక కింద పొడి

జూన్ 3, మంగళవారం

తమ్ముడు వచ్చాడు. డి-అడిక్షన్ సెంటర్ నుంచి తెచ్చుకున్న బ్యాగు ఒకటి, వాడొకడు. ఇద్దరిలో బ్యాగే కాస్త బరువుగా కనిపించింది.

వాణ్ణి ముందు గదిలో కూర్చోబెట్టి, వెనక గదిలో బ్యాగంతా కుమ్మరించి చూశాను. జేబులు తిరగేశాను. కాలర్ మడతలు విప్పాను. సాక్సుల్లో వేళ్ళు పెట్టాను. డ్రై క్లీనింగ్ షాపు నడిపేదాన్ని, ఇంకొకరి జేబులో చెయ్యి పెట్టడం నాకు తప్పుగా అనిపించదు. కోటు తెచ్చినవాడు ఎంత పెద్దమనిషైనా సరే, జేబులు తిరగేశాకే ట్యాగ్ కడతాం. ఒక్క పెన్ను మిగిలిపోయినా లోడ్ మొత్తం నీలంగా బయటికొస్తుంది.

ఏమీ దొరకలేదు. ఏమీ దొరక్కపోవడం నాకు నచ్చలేదు.

వాడు లిఫ్టులు రిపేరు చేసేవాడు. పడి నడుము దెబ్బతింటే నొప్పికి మాత్రలిచ్చారు. నొప్పి పోయింది, మాత్రలు పోలేదు. తర్వాత అవే ఇంజెక్షన్లయ్యాయి. ఉద్యోగం పోయింది. మరదలు పాపని తీసుకుని పుట్టింటికి వెళ్ళిపోయింది. నా మెడలో గొలుసు మాయమైన రోజు వాడు నాతోపాటు ఇల్లంతా వెతికాడు. మంచం కింద దూరి మరీ వెతికాడు, దుమ్ము కొట్టుకున్న తలతో బయటికొచ్చి లేదక్కా అన్నాడు. అది తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మా ఆయన మాత్రం బావమరిదిని చూడగానే కావలించుకున్నాడు. ఈయనకి అందరూ మంచివాళ్ళే. తాళాలు బాగుచేసే మనిషికి లోకంలో ఎవరి మీదా అనుమానం లేకపోవడం ఏమిటో నాకు ఇన్నేళ్ళైనా అర్థం కాలేదు.

జూన్ 4, బుధవారం

క్లినిక్‌కి వెళ్ళాం. డాక్టరమ్మ చిన్నపిల్ల. నా పెళ్ళినాటికి పుట్టి కూడా ఉండదు. అయినా బాగానే విడమరిచి చెప్పింది. తమ్ముడికున్నది బుద్ధిలేనితనం కాదట, జబ్బట. షుగరూ బీపీ లాంటిదట. ఆ ఇంజెక్షన్ లేకపోతే ఒళ్ళు తట్టుకోలేని స్థితికి మెదడు వచ్చేసిందట. రోజూ ఒక మాత్ర నాలుక కింద పెట్టుకుంటే ఆ ఆరాటం అణుగుతుందట, మత్తు మాత్రం ఎక్కదట. దానితోపాటు వారం వారం కౌన్సెలర్‌తో కూర్చోవాలి.

ఎన్నాళ్ళు వాడాలని అడిగాను. ఇప్పుడే చెప్పలేను, ఏళ్ళు కూడా పట్టవచ్చు, తొందరపడి ఆపినవాళ్ళే ఎక్కువగా వెనక్కి పడతారు అంది. ఆపాక పాత మోతాదు ఒంటికి అలవాటు తప్పిపోతుంది కనుక అప్పుడు ఒక్క ఇంజెక్షన్‌కే ప్రాణం పోవచ్చనీ చెప్పింది.

ఏళ్ళా అనుకున్నాను నేను. ఒక గుంజ నుంచి విప్పి ఇంకో గుంజకి కట్టడానికి ఇంత చదువు దేనికి?

మాత్రలు పేషెంట్ చేతికి ఇవ్వరు. ఇంట్లోవాళ్ళెవరైనా దాచి రోజూ దగ్గరుండి వేయాలి. ఎదురుగా ఉన్నది నేనే కనుక నా చేతిలో పెట్టింది. మా ఆయన ఒక రేకు పెట్టెకి మంచి తాళం బిగించి ఇచ్చాడు. తాళంచెవి నా మెడలోనే ఉంటుంది. గొలుసు ఉండాల్సిన చోట.

జూన్ 7, శనివారం

షాపు తీయకముందు పని ఇది. వాడు స్టీమ్ ప్రెస్ పక్కన స్టూలు మీద కూర్చుంటాడు. మాత్ర నాలుక కింద పెట్టుకుంటాడు. అది కరిగేదాకా మాట్లాడకూడదు, గుటక వేయకూడదు. గోడకున్న హ్యాంగర్ల వంక చూస్తూ కూర్చుంటాడు. నేను వాడి వంక చూస్తూ కూర్చుంటాను. తర్వాత నాలుక ఎత్తి చూపిస్తాడు.

ఈరోజు వాడి కర్చీఫ్ ఉతకడానికి తీస్తే దాని మీద తెల్లటి పొడి. టూత్‌పేస్టట. టూత్‌పేస్టా, నా తలకాయా!

ఈ మాత్రలు దవడ పక్కన దాచి తర్వాత బయట అమ్ముకునేవాళ్ళుంటారని క్లినిక్‌లో బెంచీ మీద ఎవరో అంటుంటే విన్నాను. వెంటనే నర్సుకి ఫోన్ చేశాను. అంత భయంగా ఉంటే మాత్రని రెండు చెంచాల మధ్య నలిపి పొడి చేసి వేయమంది, దాచుకోవడం కుదరదంది. మొత్తం పొడి లోపలికి వెళ్ళేలా చూడమని కూడా అంది.

తమ్ముడికి చెప్తే నవ్వాడు. చంటిపిల్లలకి వేసినట్టు వేస్తావా అన్నాడు. వేస్తాను అన్నాను. సరేనన్నాడు. అంత తొందరగా సరేననడం ఎందుకో.

జూన్ 9, సోమవారం

టార్చి వేసి చూశాను. నాలుక కింద ఏమీ లేదు.

జూన్ 13, శుక్రవారం

మరదలు ఫోన్ చేసింది. వదినా, ఎలా ఉన్నాడు అంది. బాగున్నాడన్నాను. అబద్ధం కాదు. పని చేస్తున్నాడు, తింటున్నాడు. స్కూలు బ్లేజర్ల ఆర్డరు మొత్తం వాడే ప్రెస్ చేశాడు, మడత తేడా లేదు. కౌన్సెలర్ దగ్గరికి చెప్పిన రోజున చెప్పినట్టు వెళ్ళొచ్చాడు. బాగుండటమే నాకు భయంగా ఉంది.

ఇంకా మాత్రలు వాడుతున్నాడా అని అడిగింది. అవునన్నాను. వాళ్ళ నాన్న ఊరుకోవడం లేదట. మాత్ర మింగుతున్నంతకాలం మానినట్టు కాదు, పేరు మారిందంతే అంటున్నాడట. ఏ మాత్రా లేకుండా నిలబడ్డ రోజున పాపని తీసుకుని వచ్చేస్తానంది. వెనక నుంచి మేనకోడలి గొంతు వినిపించింది. ఎవరమ్మా, అత్తేనా అని వాళ్ళమ్మని అడుగుతోంది.

ఎంతోకాలం పట్టదులే, నేను చూసుకుంటాను అనేశాను. ఎందుకన్నానో. అన్నాను.

ఉదయం నుంచీ పాప గొంతే చెవిలో ఉంది. వాడు కుదురుగా ఉన్న ఈ కాస్త టైములోనే వాళ్ళు వచ్చేయాలి. తర్వాత వాణ్ణి నమ్మలేం.

జూన్ 14, శనివారం

ఆలోచించాను. పాత మరకకి ముందు కెమికల్ గాఢంగా పెడతాం. రోజురోజుకీ పలచన చేసుకుంటూ వస్తాం. చివరికి ఉత్త నీళ్ళు. బట్టకి తెలియదు, బట్ట తెచ్చినవాళ్ళకీ తెలియదు. తిరిగి వెళ్ళేటప్పుడు శుభ్రంగా ఉంటే చాలు, మధ్యలో ఏం చేశారని మా షాపులో ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

పొడి కదా. ఎంత ఉందో వాడికెలా తెలుస్తుంది?

ఈరోజు చెంచాలో కాస్త వదిలేసి కొళాయి కింద కడిగేశాను. వాడు ఎప్పటిలాగే హ్యాంగర్ల వంక చూస్తూ కూర్చున్నాడు. నాలుక ఎత్తి చూపించాడు.

జూన్ 17, మంగళవారం

తేడా ఏమీ లేదు. కూనిరాగం తీస్తూ ప్యాంట్లు ప్రెస్ చేశాడు. చూశారా, అంత మందు వాడికి అవసరమే లేదు. డాక్టరమ్మకి చెప్పి ఉంటే ఇంకో ఏడాది రాసేసేది.

ఇంకాస్త తగ్గించాను. మా ఆయనకి చెప్పలేదు. ఈయన నోట్లో నువ్వుగింజ నానదు.

జూన్ 20, శుక్రవారం

కౌంటర్ దగ్గర ఒకటే ఆవలింతలు. టీచరమ్మ పట్టుచీర తెస్తే ఆవిడ మొహం మీదే ఇంత నోరు తెరిచాడు. నిద్ర పట్టలేదా అని అడిగితే రాత్రంతా కాళ్ళు లాగాయి అన్నాడు.

కాళ్ళు లాగడమేమిటి? బయటికి వెళ్ళి తిరిగాడా?

జూన్ 22, ఆదివారం

ముక్కు కారుతోంది. జలుబట. జలుబు చేసినవాడికి చెమటలెందుకు పడతాయి? చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని, చర్మమంతా గుగ్గిళ్ళు గుగ్గిళ్ళుగా ఉంది. ప్రెస్ పక్కన నిలబడి చలి అంటున్నాడు. ఆ గదిలో నాకు చీర కుచ్చిళ్ళ దాకా తడిసిపోతుంది.

కళ్ళు దగ్గరగా చూశాను. నల్లగుడ్డు పెద్దదైపోయింది. కంటినిండా అదే.

మళ్ళీ మొదలుపెట్టాడు.

సాయంత్రం 4

మా ఆయనతో అన్నాను. జ్వరమేమో అన్నాడు. ఈయనతో మాట్లాడటం గోడతో మాట్లాడటం ఒకటే. గోడ కనీసం కాఫీ అడగదు.

జూన్ 23, సోమవారం

పరుపు కుట్టు విప్పి చూశాను. ఫ్లష్ ట్యాంకు మూత తీశాను. షాపులో డెలివరీకి సిద్ధంగా ఉన్న కోట్లన్నీ కవర్లు తీసి మళ్ళీ వెతికాను, ఎవరి కోట్లోనైనా దాచాడేమోనని. ఒక పెద్దాయన జేబులో పళ్ళ సెట్టు దొరికింది. దానికి ట్యాగ్ కట్టి పక్కన పెట్టాను.

మళ్ళీ మొదలుపెట్టినవాడికి ఈ మాత్ర కూడా దేనికి? రెండూ కలిస్తే ఏమవుతుందో. ఇంకా తగ్గించాను. ఇప్పుడు సగం కూడా వెయ్యడం లేదు.

జూన్ 25, బుధవారం

డెలివరీకి పంపి వెనకాలే వెళ్ళాను. చెప్పులు చప్పుడు చేస్తున్నాయని చేత్తో పట్టుకుని నడిచాను. ఈ వయసులో.

రెండు ఇళ్ళలో బట్టలిచ్చాడు. తర్వాత ఇంటి దారి పట్టలేదు. మూతపడ్డ సినిమా హాలు వైపు తిరిగాడు. ఆ హాలు సైకిల్ స్టాండులో ఏం అమ్ముతారో ఊళ్ళో అందరికీ తెలుసు. గేటు దగ్గర ఆగాడు. చాలాసేపు నిలబడ్డాడు. కడుపు పట్టుకుని వంగాడు ఒకసారి. లోపలికి వెళ్ళలేదు. వెనక్కి తిరిగి వచ్చేశాడు.

లోపలికి ఎందుకు వెళ్ళలేదు? నన్ను చూశాడా? లేక అక్కడ నిలబడటమే ఏదైనా సైగా?

జూన్ 26, గురువారం

లాయరుగారి నల్లకోటు మీద ఐరన్ ఆనించి వదిలేశాడు. భుజం దగ్గర అద్దంలా మెరుస్తోంది, ఇంక ఆ మెరుపు పోదు. కాళ్ళు ఒకచోట నిలవడం లేదక్కా అన్నాడు. కస్టమర్ల ముందే నోటికొచ్చినట్టు తిట్టాను. తల వంచుకుని విన్నాడు. వెనక్కి ఒక్క మాట అనలేదు. ఇదివరకటి వాడైతే ఇల్లు పీకి పందిరేసేవాడు.

మాట అనకపోవడం కూడా నాకు నాటకంలాగే ఉంది.

జూన్ 28, శనివారం

పొడి వేయబోతుంటే చెయ్యి పట్టుకున్నాడు. ఈ మందు నామీద పనిచేయడం లేదక్కా అన్నాడు. మొదట్లో బాగా పనిచేసింది, ఇప్పుడు తెల్లారకముందే ఒళ్ళంతా పీకుతోంది, లోపలెవరో పిండుతున్నట్టుంది, క్లినిక్‌కి వెళ్ళి డోస్ పెంచమని అడుగుదాం అన్నాడు.

ఇలాగే మొదలవుతుంది పెంచమనడం. నాకు తెలియదా. వచ్చే గురువారం ఎలాగూ వెళ్ళాలి కదా, అప్పటిదాకా ఓర్చుకో అన్నాను. మనసు గట్టిచేసుకోమన్నాను. పాపని గుర్తు చేశాను.

సరే అన్నాడు. చెంచా వంక కాసేపు చూశాడు. తర్వాత నోరు తెరిచాడు.

జూలై 1, మంగళవారం

ఉదయం షాపు తీస్తూనే వచ్చి, ప్రెస్ టేబుల్ మీద కర్చీఫ్ విప్పి పెట్టాడు. అందులో రెండు ఇంజెక్షన్ సీసాలు, ఒక సిరంజి.

నిన్న సాయంత్రం హాలు దగ్గర కొన్నాడట. జేబులో పెట్టుకుని ఊరంతా తిరిగాడట. ఇంక తన చేతుల మీద తనకి నమ్మకం లేదట. ఇవి నా దగ్గర్నుంచి తీసేసుకో, నన్ను ఎక్కడైనా పెట్టి తాళం వేసినా సరే అన్నాడు. వణుకుతున్నాడు. పెదవుల మీద చెమట.

సీసాలు పగలగొట్టి డ్రెయిన్‌లో పోశాను. సిరంజి విరిచేశాను. వాడు ఏడ్చాడు. నాకూ ఏడుపొచ్చింది, ఆపుకున్నాను.

రెండు తెచ్చి ఇచ్చాడు. ఎన్ని ఉంచుకున్నాడో?

మధ్యాహ్నం 2

మరదలికి ఫోన్ చేశాను. చెప్పాలి కదా, పిల్లతో వచ్చాక తెలిస్తే నన్నే తిడుతుంది. ఇంజెక్షన్లతో పట్టుకున్నాను అని చెప్పాను.

పట్టుకున్నాను అనే అన్నాను. వాడే తెచ్చి ఇచ్చాడనలేదు.

జూలై 2, బుధవారం

మరదలు వాడికి ఫోన్ చేసింది. ఏమందో తెలియదు. వాడు వింటూ నిలబడ్డాడు, ఊఁ అన్నాడు, పెట్టేశాడు.

తర్వాత నా దగ్గరికి వచ్చి, నేనే తెచ్చి ఇచ్చానని చెప్పావా అక్కా అని అడిగాడు. కోపంగా కాదు. ట్యాగులు కడుతున్నాను, తలెత్తలేదు. ఇప్పుడా ముచ్చట్లు, పని చూడు అన్నాను.

అన్నం ముట్టలేదు.

జూలై 3, గురువారం, సాయంత్రం 6

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

పొద్దున వాణ్ణి షాపులో ఉంచి ఒక్కదాన్నే క్లినిక్‌కి వెళ్ళాను. వాడి ఎదురుగా అయితే నిజం చెప్పనివ్వడని. మా వాడు మళ్ళీ మొదలుపెట్టాడు, టెస్ట్ చేయండి, మోసం చేస్తున్నాడు అన్నాను. నర్సు కూర్చోమంది. ఏం చూసి అనుకుంటున్నావమ్మా అని అడిగింది. ఒక్కొక్కటే చెప్పాను. ఆవలింతలు. ముక్కు కారడం. చెమట, చలి, చర్మం మీద గుగ్గిళ్ళు. కాళ్ళు నిలవకపోవడం. నల్లగుడ్డు పెద్దదవడం. గర్వంగానే చెప్పాను, పోలీసు ముందు సాక్ష్యం చెప్పినట్టు.

నర్సు మొహం మారిపోయింది. అమ్మా, ఇవి వాడినవాడి లక్షణాలు కావు అంది. వాడితే నల్లగుడ్డు గుండుసూదంత అయిపోతుందట. జోగుతాడట, గోక్కుంటాడట. నువ్వు చెప్పినవన్నీ మందు అందక విలవిల్లాడే మనిషి లక్షణాలు అంది. మాత్ర పూర్తిగా వేస్తుంటే ఇలా కావడానికి వీల్లేదే, రోజూ మొత్తం పొడి లోపలికి వెళ్తోందా అని అడిగింది.

వెళ్తోంది అన్నాను.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చుండిపోయాను. ఒక్కో రోజూ వెనక్కి తిరిగి కనబడింది. నేను తగ్గించిన ప్రతిసారీ వాడికి ఎక్కువైంది. వాడికి ఎక్కువైందని నేను మళ్ళీ తగ్గించాను. హాలు గేటు దాకా వాణ్ణి నడిపించింది నేను. లోపలికి వెళ్ళకుండా తిరిగొచ్చింది వాడు.

ఆటో ఎక్కి షాపుకి వచ్చాను. వెళ్ళగానే పూర్తి మాత్ర వేసేద్దాం, తర్వాత సంగతి తర్వాత అనుకున్నాను. షాపు తలుపు తీసే ఉంది. ప్రెస్ ఆపేసి ఉంది. వాడు లేడు. లాయరుగారి కోటు భుజం మీద తడిగుడ్డ పరిచి ఉంది, ఆ మెరుపు పోగొట్టడానికి ఇంకా తంటాలు పడుతున్నట్టున్నాడు.

మా ఆయన షాపు పక్కనే ఉన్న తన బడ్డీలో తాళం పని చేసుకుంటున్నాడు. బాత్రూమ్‌కని షాపు వెనక్కి వెళ్ళాడుగా అన్నాడు. ఎంతసేపైందంటే చాలాసేపే అయిందన్నాడు. ఇద్దరం పరిగెత్తాం. లోపల గడియ. పిలిచాం. కొట్టాం. మా ఆయన తలుపు పగలగొట్టలేదు, పగలగొడితే తలుపు లోపలి మనిషి మీద పడుతుందన్నాడు. సన్నటి రేకు ఒకటి సందులోంచి దూర్చి గడియ జరిపాడు. నా మొగుడు అంత గబగబా కదలగలడని నాకు తెలియదు.

వాడు గోడకి ఆనుకుని కూర్చున్నాడు. తల ఒరిగిపోయి ఉంది. పెదవులు నీలం. గొంతులో గురక లాంటి చప్పుడు, మధ్యలో అదీ లేదు. కన్ను తెరిచి చూశాను. నల్లగుడ్డు గుండుసూదంత.

అంబులెన్సువాళ్ళు వచ్చేదాకా మా ఆయన వాడి నోట్లో ఊపిరి ఊదుతూనే ఉన్నాడు. వాళ్ళు ఏదో ఇంజెక్షన్ చేశారు. ఒక్కసారిగా మునిగి తేలినవాడిలా గట్టిగా గాలి పీల్చాడు. కళ్ళు తెరిచి నన్ను చూశాడు. సారీ అక్కా అన్నాడు.

నాకే చెప్పాడు సారీ.

జూలై 4, శుక్రవారం

ఆసుపత్రి. బతుకుతాడన్నారు. క్లినిక్ డాక్టరమ్మ చూడటానికి వచ్చింది. ఇది ఓటమి కాదు, ఈ జబ్బులో ఒకోసారి ఇలా జరుగుతుంది, మళ్ళీ మొదలుపెడదాం అని వాడికి ధైర్యం చెప్పింది. తర్వాత నన్ను పక్కకి పిలిచింది. పూర్తి మాత్ర అందుతున్న ఒంటికి ఆ ఇంజెక్షన్ ఇంతలా దెబ్బకొట్టదే, మీరు రోజూ వేశారా అని అడిగింది.

వేశాను అన్నాను.

జూలై 5, శనివారం

చెప్పలేదు.

జూలై 8, మంగళవారం

డిశ్చార్జి అట, రేపు. మళ్ళీ ఏ మాత్ర, ఎంత మోతాదు అని డాక్టరమ్మ లెక్కలు వేస్తోంది. వాడు మంచం మీద కూర్చుని, నాలాంటివాళ్ళ మీద మందులు పనిచేయవేమో మేడమ్ అన్నాడు. మామూలుగా అన్నాడు, బస్సు వెళ్ళిపోయిందేమో అన్నట్టు.

అప్పుడిక ఉండలేకపోయాను. అందరి ముందూ చెప్పేశాను. పొడి సంగతి, కొళాయి సంగతి, ఎందుకు చేశానో. మరదలికిచ్చిన మాట సంగతి. పట్టుకున్నానని చెప్పిన అబద్ధం సంగతి.

డాక్టరమ్మ అరవలేదు. అరిచినా బాగుండేది. ఇంట్లోవాళ్ళ భయం గురించి మేం కూడా మొదట్లోనే అడిగి ఉండాల్సింది అంది. ఇకమీదట కౌన్సెలర్ దగ్గరికి నన్నూ రమ్మంది. నాకేం జబ్బని అడగబోయి ఊరుకున్నాను.

మా ఆయన నా మెడలోంచి తాళంచెవి తీసేసుకున్నాడు.

తమ్ముడు ఒక్కటే అడిగాడు. ఆ ఆవలింతల రోజు నుంచా అని. అంతకుముందు నుంచే అన్నాను. మొహం చేతుల్లో దాచుకున్నాడు. ఏడుస్తున్నాడనుకున్నాను. కాదు, నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియకుండా ఉంది. ఇన్నాళ్ళూ నా బుర్రే పూర్తిగా పాడైపోయిందనుకున్నానక్కా అన్నాడు. నీకు నామీద అనుమానం ఉండటం నాకు అలవాటే, నామీద నాకే వచ్చేసింది, అందుకే మళ్ళీ హాలుకి వెళ్ళాను అన్నాడు.

ఇది రాస్తుంటే కళ్ళు కనబడటం లేదు. గొలుసు పోయినప్పుడు కూడా ఇంత ఏడవలేదు.

జూలై 9, బుధవారం

మరదలికి ఫోన్ చేసి మొత్తం చెప్పాను. మధ్యలో పెట్టేసింది. గంట తర్వాత తనే చేసింది. డాక్టరమ్మ నంబరు అడిగింది, మా నాన్న మాటా నీ మాటా కాదు వదినా, తిన్నగా ఆవిడనే అడుగుతాను అంది. పాప గొంతు వినిపించలేదు. ఫోను దూరంగా పెట్టి మాట్లాడినట్టుంది.

జూలై 14, సోమవారం

ఇప్పుడు రోజూ క్లినిక్‌లోనే. నర్సు చేత్తోనే వేస్తుంది, పూర్తి మాత్ర, నలపకుండా. వాడు లోపలికి వెళ్తాడు. నేను బయట బెంచీ మీద కూర్చుంటాను. ఎవరూ కూర్చోవద్దనలేదు. లోపలికి రమ్మని కూడా ఎవరూ అనలేదు.

ఆవలింతలు తగ్గాయి. నిన్న పడుకున్నాడు. అన్నం రెండోసారి వడ్డించుకున్నాడు. నేను లెక్కపెట్టలేదు, కంటబడింది.

నాతో మామూలుగానే మాట్లాడుతున్నాడు. హ్యాంగర్లు అయిపోయాయనీ, ప్రెస్‌కి గొట్టం మార్చాలనీ. ఇంత మామూలుగా ఎలా మాట్లాడుతున్నాడు? నేనైతే మొహం మీద తలుపేసేదాన్ని. మనసులో ఏం పెట్టుకున్నాడో.

కౌన్సెలర్ నన్ను అడిగింది, మీ తమ్ముడు ఏం చేస్తే మీకు నమ్మకం కలుగుతుందని. ఆలోచించాను. ఏ జవాబూ దొరకలేదు. వాడు మా ఇంటికి రాకముందు కూడా నా దగ్గర దానికి జవాబు లేదన్నమాట.

జూలై 18, శుక్రవారం

మరదలు వచ్చింది. ఒక్కతే. డాక్టరమ్మ గదిలో చాలాసేపు కూర్చుంది. వెళ్ళేటప్పుడు తమ్ముడితో మెట్ల మీద నిలబడి మాట్లాడింది. వచ్చే నెల పాపని ఒక ఆదివారం తీసుకొస్తుందట. మాత్ర మానమని అడగలేదట.

నాకు నమస్కారం పెట్టింది. కొత్తవాళ్ళకి పెట్టినట్టు.

జూలై 21, సోమవారం

రేపటి నుంచి మాత్రలు మళ్ళీ ఇంటికిస్తామన్నారు. డాక్టరమ్మ వాణ్ణి ఒక్కణ్ణే లోపలికి పిలిచి అడిగిందట, ఇంట్లో ఎవరి చేతికివ్వమంటావని. బావ పేరే చెప్తాడని నేనూ అనుకున్నాను, బావ కూడా అనుకున్నాడు.

అక్క అన్నాడట.

ఎందుకో అడగలేదు. నన్ను పరీక్షిస్తున్నాడా? జాలిపడుతున్నాడా? నాకిదే శిక్ష అనుకున్నాడా? ఎటు తిప్పి చూసినా అంతుపట్టడం లేదు.

రేపు పొద్దున నా ముందు కూర్చుని నోరు తెరుస్తాడు. నేనైతే తెరిచేదాన్ని కాదు.